రాయబోయి మానిన మాటలు

అన్నం రుచి చూసే రోజున మా వరి పరిశోధన కేంద్రంలో ఎవరూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోరు. పొద్దున్నే నేను ఎసరు పెడతాను. ఎండ ముదిరే వేళకు పొలం పనివాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చి వరండాలో బల్లల ముందు కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు చిన్న పళ్ళెం, గ్లాసుతో మంచినీళ్ళు, ఒక ట్యాబ్, దానికి తగిలించిన పెన్ను ఉంటాయి. పళ్ళెంలో కూరా పచ్చడీ ఉండవు. వట్టి అన్నమే. నాలుగు ముద్దలు తిని మెత్తదనానికి, వాసనకి, రుచికి ఐదులో ఎన్ని మార్కులు వేస్తారో ట్యాబ్ మీద చేత్తో రాయాలి. కింద రెండు మాటలు కూడా రాయాలి.

"మేడం, ఇందులోకి కాస్త గోంగూర పచ్చడి ఉంటే పరిశోధన ఇంకా బాగా జరుగుద్ది" అన్నాడు ట్రాక్టరు నడిపే మస్తాను బాబాయ్.

"పచ్చడి వేస్తే నీకు పచ్చడి రుచే తెలుస్తుంది మస్తానూ" అన్నారు డాక్టర్ కామేశ్వరి మేడం. ఈ కేంద్రానికి పెద్ద ఆవిడే.

"అందుకే గదండీ అడుగుతున్నా."

"అన్నం ముందు కూకుని ఆ ఎకసెక్కాలేంటి? తిను" అని కసిరింది మా అత్త నాంచారమ్మ. అత్త కూడా ఇక్కడే నాట్లకూ కలుపులకూ వస్తుంది. నేను వంట, గింజల పరీక్షలు చూసే సహాయకురాలిని. పొద్దున ఇద్దరం ఒకే సైకిల్ మీద వస్తాం. ఆమె వెనక కూర్చుని దారిపొడవునా ఎదురైన ప్రతివాళ్ళనూ పలకరిస్తుంది. నేను తొక్కుతాను.

మా ఊరు గుల్లమెరక సముద్రానికి దగ్గర. నీళ్ళు పైనుంచి రాకపోయినా కింద నుంచి వస్తున్నాయి. ఒక్కో ఏడూ కొంచెం కొంచెంగా ఊటనీళ్ళు ఉప్పెక్కి, దక్షిణం వైపు చేలన్నీ తెల్లటి పొరకట్టి బీడుపడ్డాయి. మా అత్త చేను కూడా అందులోదే. ఆ నేలలో నాటినా పచ్చగా నిలబడే వంగడం కోసం మేడం ఏళ్ళ తరబడి పనిచేసి, చివరికి జి.ఎం. ఏడు అనే వరిని తయారుచేశారు. ఊళ్ళో అందరూ దాన్ని ఉప్పువడ్లు అంటారు. కంకి బాగుంది, దిగుబడి బాగుంది. ఇక మిగిలింది అన్నం ఎలా ఉంటుందన్న నివేదిక ఒక్కటే. అది వెళితే, పై కమిటీ ఒప్పుకుంటే, ఈ వానాకాలం సార్వాకే రైతులకు విత్తనం ఇవ్వవచ్చు. లేకపోతే దక్షిణం చేలు ఇంకో ఏడాది బీడే.

ఆ రోజు అందరూ తిని, పళ్ళేలు ఖాళీ చేసి, ఐదులు వేశారు. మా అత్త బడికి వెళ్ళలేదు. కేంద్రంలో సాయంత్రాలు నడిచే తరగతిలో ఈమధ్యే అక్షరాలు నేర్చుకుంది. ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి 'బాగుంది' అని రాసింది. మేడం కూడా నాలుగు ముద్దలు తిని 'చాలా బాగుంది' అని రాశారు.

మార్కులు కూడి నివేదిక తయారుచేసే పని చదువరిది. మా కేంద్రంలో కాగితాలన్నీ, ట్యాబ్‌ల మీద మేం చేత్తో రాసేవన్నీ చదివి అర్థం చేసుకునే యంత్ర సహాయకానికి మేం పెట్టుకున్న పేరు అది. చేల గట్ల మీద వానలో గజిబిజిగా రాసినవి కూడా చదివేస్తుంది. ఆ మధ్యాహ్నం మాత్రం తెర మీద ఒక ప్రశ్న వేసింది.

"కొత్తగా రాయడం నేర్చుకున్న వారి అక్షరాలు కొన్ని నాకు అందడం లేదు. పెన్ను కదలికలు కూడా చూడనిస్తారా? అప్పుడు బాగా చదవగలను."

మా అత్త అక్షరాలు నాకే సరిగ్గా అందవు. చూడమన్నాను.

కాసేపటికి పేజీలు మళ్ళీ వచ్చాయి. అన్నీ చక్కగా చదివింది. అయితే ప్రతి పేజీలోనూ నల్లటి అక్షరాల పక్కన బూడిదరంగులో వేరే అక్షరాలు కనిపించాయి. మస్తాను బాబాయ్ రాసిన ఐదు పక్కన బూడిదరంగులో రెండు. మా అత్త రాసిన 'బాగుంది' పక్కన 'చల్లారితే రాయి'. వరండా ఊడ్చే మరియమ్మ అక్క పేజీలో 'గొంతు దిగలే'.

"ఈ బూడిదరంగువి ఏమిటి?" అని అడిగాను.

"రాయబోయి మానినవి" అంది చదువరి. "పెన్ను తెరను తాకకపోయినా, దగ్గరగా ఉన్నప్పుడు దాని కదలిక ట్యాబ్‌కు తెలుస్తుంది. చాలామంది ఒక మాట రాసేముందు చేతిని గాలిలో కొద్దిగా కదుపుతారు. ఇన్నాళ్ళూ మీ అందరి రాతా చదివాను కాబట్టి, ఆ కదలిక ఏ అక్షరాలకు వెళ్ళబోయిందో చెప్పగలను."

నమ్మలేదు. గిన్నెలో మిగిలిన అన్నం ఒక ముద్ద తిని, పెన్ను తీసుకుని, మామూలుగా 'బాగుంది' అని రాశాను. నా మాట పక్కన బూడిదరంగులో 'పొడిగా, గొంతు పట్టేట్టు' అని వచ్చింది. నేను అలా అనుకున్నట్టు నాకే అప్పటిదాకా తెలియదు.

పేజీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అందరూ ఐదు వేశారు. అంతకుముందు ఒక్కరి చేయి కూడా ఐదు వైపు వెళ్ళలేదు.

మర్నాడు శనివారం, సెలవు. అత్త తరగతి కోసం ఇంటికి తెచ్చుకునే కేంద్రం ట్యాబ్‌ను ఛార్జింగ్ పెడదామని తీశాను. దాని మీద ఆమె మా ఆడపడుచు ధనకు ఉత్తరం రాసి పంపింది. వంకర అక్షరాలతో, తప్పులతో, నిండు ప్రేమతో రాసిన ఉత్తరం. చదవాలని తీయలేదు. తెర వెలిగేసరికి బూడిదరంగు కనిపించింది, కళ్ళు అక్కడికే వెళ్ళాయి.

'కోడలు బాగా చూసుకుంటంది' అని నల్లగా ఉంది. దాని పైన బూడిదరంగులో 'కోడలు నోరు విప్పదు, గోడతో ఉన్నట్టుంది' అని ఉంది.

తెర ఆర్పేశాను. పెరట్లో అత్త కొబ్బరి మట్టలు కొడుతూ పక్కింటావిడతో నవ్వుతోంది. ఎప్పుడూ వినే నవ్వే. ఆ పూట మాత్రం నాకు అందులో ఇంకేదో వినబడింది.

భోజనాల దగ్గర ప్రయత్నం చేశాను. సంతలో ఎండుచేపల సంగతి చెప్పాను. సైకిల్ గొలుసు సంగతి చెప్పాను. మా స్కూల్లో తెలుగు మాస్టారు తుమ్ముతూ పద్యం చెప్పడం గురించి చెప్పాను. ఐసు ఫ్యాక్టరీ నుంచి అలసి వచ్చిన మా ఆయన ఏడుకొండలు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నన్ను చూస్తూ ఉండిపోయాడు. అత్త ఎడమచేయి తీసి నా నుదుటి మీద పెట్టింది.

"కాలట్లేదే" అంది కొడుకుతో. "మరేమైంది ఈ పిల్లకి?"

సోమవారం మేడం గదిలోకి వెళ్ళి పేజీలు చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. చివర ఆవిడదే వచ్చింది. 'చాలా బాగుంది' పక్కన బూడిదరంగులో 'గట్టి' అని ఉంది. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మా అమ్మ అన్నానికి వంక పెడితే పళ్ళెం ముందు నుంచి లేపేసేది పావనీ" అన్నారు. "ఏం పెట్టినా కళ్ళకద్దుకుని తినాలి. ఎంత చదివినా అది పోలేదు చూడు."

"మా ఇంట్లోనూ అంతే మేడం."

"ఈ చుట్టుపక్కల ఎవరింట్లో కాదు? అలాంటివాళ్ళని కూర్చోబెట్టి, పళ్ళెంలో అన్నం పెట్టి, దానికి మార్కులు వెయ్యమన్నాను. మన పాత ఐదో రకం గుర్తుందా? దానికీ అన్నీ ఐదులే వచ్చాయి. రైతులు ఒక్క సార్వా వేసి వదిలేశారు. ఎందుకు వదిలేశారో ఒక్కరూ చెప్పలేదు. మొత్తం కోళ్ళపాలైందని తరవాతెప్పుడో తెలిసింది. ఇదీ అంతే అయితే మళ్ళీ మన విత్తనం ఎవరూ ముట్టుకోరు."

రెండు నివేదికలు మా ముందు ఉన్నాయి. నల్ల అక్షరాలది పంపితే విత్తనం వస్తుంది, అబద్ధం వెళుతుంది. బూడిదరంగుది పంపితే నిజం వెళుతుంది.

"కానీ ఇది వాళ్ళు మనకి ఇవ్వని మాట" అన్నారు మేడం బూడిదరంగు అక్షరాల మీద వేలు పెట్టి. "ఏం చేద్దాం?"

నన్నెవరైనా అలా అడిగితే మామూలుగా 'మీ ఇష్టం మేడం' అంటాను. ఆ రోజు మాత్రం "వాళ్ళకి చెప్పేద్దాం" అన్నాను.

అందరినీ వరండాలోకి పిలిచారు. ఆ రోజు మళ్ళీ వండిన ఉప్పువడ్ల అన్నం కూడా పళ్ళేలలో ఉంది. తినడం అయ్యాక మేడం దాపరికం లేకుండా అంతా చెప్పారు. ముందుగా తన పేజీ చూపించారు.

"అంటే మనం గాల్లో ఊపింది కూడా రాసేసుకుంటందా అది?" అన్నాడు మస్తాను బాబాయ్. "ఓరి నాయనో! పెన్నుతో చెవి గోక్కున్నా. అదేం చదివిందో ఏమో."

"రాయందాన్ని చదవడమేంటండీ?" అంది మరియమ్మ అక్క. ఆమె గొంతులో నవ్వు లేదు. "మనసులో మాట మనసులో పెట్టుకునేదానికి గూడా లేదా?"

మా అత్త మేడంని చూడడం లేదు, నన్ను చూస్తోంది.

"ఇంటి కాడ ట్యాబు కూడా అంతేనా అమ్మాయ్?"

తల ఊపాను.

"ధనకి రాసింది?"

మళ్ళీ ఊపాను.

"అందుకా ఆ పూట ఎండుచేపల కాడినించి ఏకరువు పెట్టావు!"

అందరూ గొల్లున నవ్వారు. అత్త నవ్వలేదు. లేచి నిలబడింది.

"మేడంగారూ, నేనేం రాయబోయానో నాకు తెలుసు. రాయి అనే రాయబోయా. ఎందుకు మానానో కూడా నాకు తెలుసు. అన్నాన్ని అనకూడదని ఒకటి. రెండోది నా చేను. నేను రాయి అని రాస్తే మీరు పైకి పంపుతారు. వాళ్ళు వద్దంటారు. మళ్ళీ నా చేలో ఉప్పు పండుద్ది. అందుకు మానా. మానినదాన్ని మీరు తీసుకోకండి."

మేడం ట్యాబ్ చేతిలోకి తీసుకున్నారు. "చదువరీ, రాయబోయి మానినవన్నీ చెరిపెయ్. ఇక మీదట పెన్ను కదలికలు చూడవద్దు."

"చెరిపితే తిరిగి రావు. నివేదికకు ఆధారం ఉండదు" అంది చదువరి.

"తెలుసు."

తెర మీద బూడిదరంగు ఒక్కసారిగా పోయింది. మస్తాను బాబాయ్ పేజీలో ఐదు ఒంటరిగా మిగిలింది. మేడం కుర్చీలో వెనక్కి వాలారు. ఇక ఏం చేయాలో ఆవిడకూ తెలియదని ముఖం చూస్తే తెలుస్తోంది.

చివరికి మరియమ్మ అక్క పళ్ళేలు ఎత్తుతూ, ప్రతిసారీ అడిగే మాటే అడిగింది. "గిన్నెలో శానా మిగిలింది. ఈ అన్నం ఏం చెయ్యమంటారు మేడం?"

"కోళ్ళకెయ్యి" అన్నాడు మస్తాను బాబాయ్.

"కోళ్ళకెందుకు? నాకియ్యి" అంది అత్త. కోపంలోనూ అన్నం పారేయడం ఆమెకు కుదరదు. "మజ్జిగ పోసి రేపు పొద్దున్నే చద్దిలోకి పెడతా."

"ఇది చద్దిలోకి బాగుంటదా?" అంది మరియమ్మ అక్క.

"ఎందుకు బాగోదు? మనూరి బుడమ వడ్లన్నం ఎంత నానినా ముద్దై జావగారుద్ది. ఇది చూడు, గింజ గింజగా నిలబడుద్ది. పోయిన తడవ మిగిలింది పట్టికెళ్ళా. ఏడుకొండలు మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు."

"మరి చుట్టాలొస్తే పెడతావా?"

"వేడన్నమా? పెట్టను. చుట్టాలు మళ్ళీ రారు" అంది అత్త. "పొద్దున్నే చద్దయితే పెడతా. వెళ్ళమన్నా వెళ్ళరు."

"అల్లుడికో?" అన్నాడు మస్తాను బాబాయ్.

"నీ అల్లుడికైతే వేడన్నమే పెట్టు."

మేడం కుర్చీలో ముందుకు వంగారు. వాళ్ళు అలా మాట్లాడుతూనే ఉన్నారు. ఉప్పువడ్లు అటుకులకు బాగుంటాయని ఒకరు, పిల్లలకు వద్దని ఒకరు, పులిహోరకు పనికొస్తుందని ఒకరు. ఒక్కరు కూడా అన్నానికి వంక పెట్టలేదు. దాని గురించి చెప్పాల్సిందంతా మాత్రం చెప్పేస్తున్నారు. మేడం నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు.

"ట్యాబ్‌ల మీద పాత ప్రశ్న తీసెయ్యి పావనీ. ఎన్ని మార్కులు అని అడగొద్దు. ఈ అన్నం ఎప్పుడు, ఎవరికి, దేంతో పెడతారు అని అడుగు."

ఆ సాయంత్రమే రెండు రకాల అన్నం వండి, చల్లార్చి, మజ్జిగ కలిపి కుండల్లో పెట్టాను. ఒకటి ఉప్పువడ్లది, ఒకటి ఊరి మామూలు రకం. మర్నాడు పొద్దున్నే చిన్న ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలతో వడ్డించాను. ఏ కుండలో ఏది ఉందో ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా మజ్జిగలో నానినా ఉప్పువడ్ల గింజ విరగలేదు. వేడి మీద గొంతుకు అడ్డుపడిన గట్టిదనమే నానాక నోటికి బాగుంది. మస్తాను బాబాయ్ ఆ కుండ దగ్గరికి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. 'పొలానికి వెళ్ళేముందు నేనే తింటా, ఎవరికీ పెట్టను' అని రాశాడు. మరియమ్మ అక్క 'వేడిగా వద్దు, పొద్దున ముద్దు' అని రాసి, అది పాటలా వచ్చిందని తనే మురిసిపోయింది.

నివేదికలో మేడం ఉన్నది ఉన్నట్టు రాశారు. వేడన్నంగా ఇది నచ్చదు, చద్దన్నానికి, అటుకులకు మేలు, వెనకటి మార్కులు లెక్కలోకి తీసుకోవద్దు, మా ప్రశ్నే తప్పు అని. అది పంపాక ఆవిడ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. అత్త మాత్రం ఆశ వదిలేసుకుంది. "అయ్యింది. నిజం చెప్పాంగా, ఇక ఇవ్వర్లే" అంది.

ఇంటికి వెళ్ళే దారిలో ఆ సాయంత్రం ఆమె ఎవరినీ పలకరించలేదు. కాలువ వంతెన దాటాక వెనక నుంచి అంది.

"నీకు చెప్పాలనుకుంటే నాకు నోరుంది అమ్మాయ్. చెప్పలేదంటే దాచుకున్నాననే గదా."

"చూడాలని తీయలేదు అత్తా. కనిపించింది. కనిపించాక నీకు చెప్పకపోవడం తప్పే."

సైకిల్ కొంత దూరం పోయింది. నేనే అన్నాను.

"నాకు మాటలు తొందరగా రావు. లోపల ఉంటాయి. బయటికి వచ్చేసరికి నువ్వు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతావు."

అత్త నా వీపు మీద అరచేత్తో ఒకటి వేసింది.

"అయితే నీదంతా గాలి రాతేనన్నమాట. సరే, నిదానంగా చెప్పు. నేను ఆగుతాలే."

సార్వా దగ్గర పడుతుండగా కమిటీ జవాబు వచ్చింది. అందరికీ విత్తనం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఉప్పెక్కిన చేలున్న వారికి మాత్రం చిన్న సంచులు ఇచ్చి చూడమన్నారు. ఈ అన్నం ఎలా తింటే బాగుంటుందో సంచి మీద రాయమన్నారు. అత్తకు వచ్చిన సంచి ఆమె చేనుకు సగానికే సరిపోతుంది. దాన్ని ఆమె సైకిల్ మీద ఒళ్ళో పెట్టుకుని, ఎదురైన ప్రతివాళ్ళకూ చూపిస్తూ వచ్చింది.

"సగమే గదమ్మా" అన్నారెవరో.

"సగం పచ్చగా ఉంటే మిగతా సగం సిగ్గుపడుద్దిలే" అంది.

చదువరి ఇప్పుడు పెన్ను తెరకు తగిలిందే చదువుతుంది. మా అత్త అక్షరాల దగ్గర మళ్ళీ తడబడుతోంది. అందని చోట ఖాళీ వదిలి, రాసినవాళ్ళనే అడగండి అంటుంది. నేను వెళ్ళి అడుగుతాను. అత్త పని ఆపి చెబుతుంది. దానికి కొంచెం పొద్దు పోతుంది. మేడం ఏమీ అనరు.

నిన్న భోజనాలయ్యాక అత్త అరుగు మీద కూర్చుని ధనకు ఉత్తరం రాస్తోంది. పక్కనే నేను సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాను. ఆమె ఒక వాక్యం రాసి ఆగింది. పెన్ను తెర మీద ఆనకుండా కొంచెం పైన, మెల్లగా కదిలింది. ఇటు వెళ్ళి, అటు వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది. నేను తెర వైపు చూడలేదు. పెన్నునే చూశాను.

"ఏం రాయబోయి ఆగావు అత్తా?"

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. రాయాలా మానాలా అన్నట్టు పెన్ను ఇంకా గాలిలోనే ఉంది.

"అడిగావు గనక చెబుతున్నా" అంది. "ఇవాళ పులుసులో చింతపండు ఎక్కువేశావు."

ఈ ఇంటికి వచ్చాక నా వంటకు ఆమె పెట్టిన మొదటి వంక అది. నాకు నవ్వు ఆగలేదు. అత్త కూడా నవ్వుతూ, ఆ మాటను ఉత్తరంలో నల్లగా, పెద్ద అక్షరాలతో రాసేసింది.